బావతోని ఆదిలాబాద్ కోర్టుకు

పొద్దుగాల ఐదింటికి కరీంనగర్ బస్టాండ్ల ఆదిలాబాద్ బస్సు ఎక్కినం, నేనూ మా మల్లేశం బావ. మా అక్క మొగడు. మస్కట్ల పదిహేనేండ్లు బిల్డింగుల పరంజా మీద నిలబడి పనిచేసిన మనిషి, ఆదిలాబాద్ కోర్టుకు ఒక్కణ్ణే పోలేనన్నడు. "ఆయినకు తోడు నువ్వు పో. నోరు మాత్రం జర ఇంట్ల పెట్టిపో" అన్నది అక్క. నోరు ఇంట్ల పెడితే నాకింకేం మిగుల్తది? ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి ఫ్లెక్సులు కొట్టే దుకాన్ల కూసున్నోన్ని. నా దగ్గరున్న సర్టిఫికెట్ నోరొక్కటే.

పని ఏందంటే, బావ చిన్నప్పుడు ఆదిలాబాద్ దిక్కు ఒక ఆశ్రమం హాస్టల్ల నాలుగేండ్లున్నడు. ఆడి వార్డెన్ స్వామి పిల్లలతోని చేయకూడని పనులు చేసిండు. ఆశ్రమం పెద్దస్వామికి చెప్తే, చెప్పిన పిల్లలనే ఎండల నిలబెట్టి కొట్టిన్రు. ముప్పై ఏండ్లు బావ ఎవ్వలకు చెప్పలే. పోయినేడు పేపర్ల గసోంటి కేసొకటి చదివి అక్కకు చెప్పిండు. వార్డెన్ చచ్చిపోయిండు. చచ్చినోని మీద కేసు నడువది. తెలిసీ దాసిపెట్టిన ఆశ్రమం మీద నడుస్తదా లేదా, అదే ఇయ్యాల తేలాలె.

టికెట్ మనిషికి మూడు వందల పైచిలుకు. ఎడమ దిక్కు సీటు పట్టుకోవాలె, ఆర్మూర్ దాటినంక ఎండ కుడి దిక్కు కొడ్తది. ఆరుంబావుకు జగిత్యాల, ఏడుంబావుకు మెట్‌పల్లి. ఆడ పది నిమిషాలు ఆపిన్రు, చాయ తీసుకున్నం.

బావ ఎక్కడ పండుకున్నా వీపు గోడకు ఆనిచ్చి పండుకుంటడు. పెండ్లైన కొత్తల నేను బల్లి బావ అని పేరు పెట్టిన. ఇరవై ఏండ్లు ఇంటిల్లిపాది నవ్వినం, ఆయన సుత నవ్వేటోడు. సంగతి తెలిసినకాడి నుంచి ఆ పేరుతోని మల్ల పిలువలే.

"బావా, గా పేరు పెట్టినందుకు..." అని మొదలువెట్టిన.

"ఊకో. నువ్వు నవ్విస్తే ఎందుకట్ల పంటున్నవని ఎవ్వలు అడగకపోదురు. నాకు అదే మంచిగుండె."

కండక్టర్ పిలిచిండు. సగం చాయ పారబోసి బస్సెక్కినం.

తొమ్మిదింటికి నిర్మల్. పూరి తిన్నం, అంటే నేను తిన్న, బావ చింపుకుంట కూసున్నడు. ఆడ ఒక ముసలవ్వ ఎక్కి మా పక్కన కూసున్నది.

"ఎటు పోతున్రు బిడ్డా?"

"కోర్టుకు అవ్వా."

"భూమి పంచాయితా?"

"కాదు. చిన్నప్పటి పంచాయితి" అన్నడు బావ.

"మా భూమి కేసుల సాక్షులందరు పోయిన్రు" అన్నది అవ్వ. "కేసు మాత్రం మంచి ఆరోగ్యంగున్నది."

బావ నవ్విండు. నాకు ధైర్యమొచ్చి, తొవ్వపొంటి ఫ్లెక్సులు చదువుడు మొదలువెట్టిన. ఒకాయన కొత్త ట్రాక్టర్ కొన్నందుకు పన్నెండు మంది ఫోటోలు దిగి శుభాకాంక్షలు చెప్పిన్రు, ట్రాక్టర్ ఫోటో ఒక్కటే లేదు. పది దాటినంక ఒక క్రాస్ రోడ్డు కాడ బస్సాగింది. ఎడమ దిక్కు ఇరవై అడుగుల ఫ్లెక్స్. "నలభై ఏండ్ల అఖండ సేవ. పూర్వ విద్యార్థుల సమ్మేళనం. అందరూ ఆహ్వానితులే." పైన ఏదో ట్రస్టు పేరు, నడుమ ఒక ముసలాయన ఫోటో, దండేసి, కింద సేవామూర్తి అని రాసున్నది.

బావకు సదివి వినిపిద్దామని పక్కకు తిరిగితే బావ సీట్ల లేడు. రెండు సీట్ల నడుమ కిందికి జారి, తల మోకాళ్లల్ల పెట్టుకొని, రెండు చేతులు నెత్తి మీద కప్పుకున్నడు. నలభై ఆరేండ్ల మనిషి. ఆ ఫోటో వార్డెన్‌దేనా అని నేను అడగాల్సిన పని పడలే.

"కడుపుల తిప్పుతుందా బిడ్డా?" అని అవ్వ నీళ్ల సీసా ఇచ్చింది. చేతులకు ఏదో ఒక పని కావాలె గనుక ఫోన్ తీసి ఫ్లెక్స్ ఫోటో కొట్టిన.

పదిన్నర దాటినంక ఆదిలాబాద్. బస్టాండ్ నుంచి కోర్టుకు ఆటోల పోయినం. మా వకీలు మేడం వరండాల కాయితాలు పట్టుకొని ఉన్నది.

"ఆశ్రమం వాళ్ల జవాబొచ్చింది. అప్పుడు నడిపిన పాత సంఘం ఎప్పుడో మూతపడ్డదట. ఇప్పుడున్నది కొత్త ట్రస్టట. పాతోళ్లు చేసినదానికి మమ్ముల అడగొద్దంటున్నరు."

"గేటు గూడ అదే మేడం" అన్నడు బావ. "పెద్దస్వామి కూసునే కుర్చీ అదే."

నేను ఫోన్ల ఫోటో చూపెట్టిన. మేడం వేళ్లతోని పెద్దగ చేసి కింద చిన్నక్షరాల గీత కాడ ఆగింది. "ఈ రిజిస్ట్రేషన్ నంబర్ పాత సంఘానిది. పేరేమో కొత్త ట్రస్టుది. ఇదెట్ల?"

అది మా దుకాన్ల రోజు జరిగేదే. ఫ్లెక్స్ కొట్టిచ్చేటోడు మ్యాటర్ కొత్తగ రాయడు. పాత లెటర్‌ప్యాడ్ తెచ్చి గిదే కొట్టమంటడు. పైన పేరు మారుస్తం, కింది గీత ఎవ్వలు సూడరు. మేడంకు గదే చెప్పిన.

కోర్టు ఎదురుంగ జిరాక్స్ దుకాన్ల రంగుల ప్రింట్ తీపిచ్చినం. పన్నెండున్నరకు పిలిచిన్రు. ఫోన్లు బంద్ చేసి లోపలికి పోవాలె. ఆశ్రమం వకీలు ఆ కాయితం చూసి, "ప్రింటింగ్ పొరపాటు సార్" అన్నడు.

"నలభై ఏండ్లు కూడా పొరపాటేనా?" అని అడిగిండు జడ్జి.

వకీలు గడువు అడిగిండు. జడ్జి ఇచ్చిండు, అప్పటిదాంక ట్రస్టు పేరు కేసుల ఉంటదన్నడు. బయట మేడం మాతోని, "సంతోషపడకున్రి. ఒక్కని మాట సరిపోదు. హాస్టల్ల మీతో ఉన్నోళ్లు ఇంకెవరన్న రావాలె" అన్నది. బావ పక్క మెస్‌ల జొన్నరొట్టె, వంకాయ కూర రెండుసార్లు అడిగి తిన్నడు.

రెండున్నరకు వాపస్ బస్సు. క్రాస్ రోడ్డు వచ్చేసరికి నేనే ముందు చూసిన. ఫ్లెక్స్ లేదు. వెదురు కట్టెలు నిలబడున్నయి, మూలలకు తీగ ముక్కలు వేలాడుతున్నయి. గంత పెద్దది దింపాలంటె ఇద్దరు మనుషులు, నిచ్చెన కావాలె. కోర్టు నుంచి ఆశ్రమానికి ఫోన్ పోయి ఉంటది. నేను ఫోన్ తీసి, పొద్దుగాల కొట్టిన ఫోటో ఉన్నదా లేదా సూసుకున్న.

బావ కిటికీల నుంచి చూసిండు. "మేం ఏడ్సుకుంట చెప్తే ఒక్కడు కదలలే" అన్నడు. "గిప్పుడు సూడు, ఎంత జల్ది కదిలిన్రో."

నిర్మల్ ఘాట్ దిగుతుంటె, "ఫోన్ల రాసుకో" అని హాస్టల్ల తనతోని ఉన్నోళ్ల పేర్లు చెప్పుడు షురూ చేసిండు. ఊరు, తండ్రి పేరు, ఏ మంచం. ఒకడు చొప్పదండి, ఇద్దరు పెద్దపల్లి దిక్కు, ఒకడు మెట్‌పల్లి. జగిత్యాల వచ్చేసరికి తొమ్మిది మంది అయిన్రు. పేర్లు ఈడ రాస్తలేను, అవి వాళ్లవి.

మీరు గా తొమ్మిది మందిల ఒకలైతే: కరీంనగర్ల బస్సు పొద్దుగాల ఐదింటికి, తొవ్వ ఐదున్నర గంటలు. వాయిదా నాడు కోర్టు వరండాల మా బావ గోడకు వీపు ఆనిచ్చి కూసుంటడు. వచ్చి పక్కన కూసున్రి. ఏం మాట్లాడకున్నా నడుస్తది.