ధర్మవరం చేరేలోపు కరిగిన ఎముక

ధర్మవరంలో మంజులతను ఎరగనివాళ్లు ఉంటారేమో గానీ, ఆమె ఎడమకాలిని ఎరగనివాళ్లు లేరు. మోకాలి కింద ఎముక ఉబ్బి, రాత్రీ పగలూ సలుపుతుండే ఆ కాలికి చూసినవాళ్లంతా తలా ఒక జబ్బు అంటగట్టారు. పెనుకొండలో పుట్టింటివాళ్లు వాతమన్నారు. వాళ్ల అంగడి ఎదురుగా ఉండే టీకొట్టు అంజనప్ప నీళ్లలో ఫ్లోరైడ్ అన్నాడు. అత్త సులోచనమ్మ మాత్రం దిష్టి అని తేల్చేసి, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంత ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే గదా అని కొడుకు కృష్ణమూర్తి అనబోయి, తల్లి ముఖం చూసి మానుకున్నాడు.

చివరికి అతనే భార్యను బెంగళూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి ఎంత సంబరపడ్డాడంటే, మంజులతకు ఒక క్షణం తనకేమైనా బహుమతి వచ్చిందేమోనని అనుమానం కలిగింది. లక్షలమందిలో ఒకరికి గానీ రాదమ్మా ఇది, అన్నాడాయన. పిలవగానే వచ్చిన కుర్ర డాక్టర్లు కాలిని అటు తిప్పీ ఇటు తిప్పీ ఫోటోలు తీసుకున్నారు. పెళ్లిలో కూడా తనకు అన్ని ఫోటోలు తీయలేదు. ముఖం ఒక్కదాంట్లోనూ పడలేదు, అది వేరే సంగతి.

జబ్బు పేరు మెలోరియోస్టోసిస్. కృష్ణమూర్తి పలకబోయి నిజంగానే నాలుక కరుచుకున్నాడు. డాక్టరు జాలిపడి తేలికమాటల్లో చెప్పాడు. వెలిగే కొవ్వొత్తి పక్కన మైనం కారి గడ్డకడుతుంది గదా, అట్లా ఈమె ఎముక మీద కొత్త ఎముక పేరుకుంటోంది. ప్రాణానికి ముప్పు లేదు. పూర్తిగా నయం చేసే మందూ లేదు. మాత్రలు, ఇంజక్షన్లు కొంత ఉపశమనం ఇస్తాయి. నొప్పితోనే బతకడం నేర్చుకోవాలి.

తిరుగు రైల్లో కృష్ణమూర్తి తల్లికి ఫోన్ చేశాడు. "కొవ్వొత్తి కరిగినట్ల..." అనేసరికి రైలు హిందూపురం దాటింది, సిగ్నల్ గుట్టల్లో కలిసిపోయింది. పెనుకొండ దగ్గర మళ్లీ తగిలి, "...ఎముకమ్మా, మందు లేదంట" అనే ముక్క చేరవేసి మళ్లీ పోయింది. ఆ రెండు ముక్కలూ సులోచనమ్మ తానే అతికించుకుంది. రైలు ధర్మవరం చేరేలోపు కోడలి ఎముక కరిగిపోయింది.

స్టేషన్లో ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"మంజులా, నీడకు రా. ఎండ తగిలితే ఇంగా కరుగుతాది. పొయ్యి కాడికి గూడ పోవద్దు. వంట నేనే చూసుకుంటా."

కృష్ణమూర్తి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. మంజులత అతని చెయ్యి గట్టిగా గిల్లింది.

ఆ ఏడు ఉగాదికి పూర్ణం ఓళిగలు అత్త కాల్చింది, కోడలు ఫ్యాను కింద కూర్చుని తిన్నది. పెళ్లయ్యాక పెనం మీది ఓళిగ నేరుగా తన ఆకులో పడటం అదే మొదలు. అత్తను చూస్తే పాపమనిపించింది. అయినా అడిగి ఆకులో ఇంకొకటి వేయించుకుంది.

సుఖం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వాళ్లది పట్టుచీరల అంగడి. పట్టు కొనేవాళ్లు ట్యూబులైటును నమ్మరు. నచ్చిన చీరను వాకిట్లోకి తెచ్చి, ఎండలో రంగు చూపించమంటారు. ఆ పని మంజులతదే. అత్తకు ఈ సంగతి తట్టింది.

"ఇంగ అంగడికి రావద్దులే. ఇంట్లో ఉండు," అంది.

మంజులతకు కావలసింది ఇది కాదు. అంగట్లో పరుపు మీద కూర్చుని నాలుగు చీరలు విప్పితే నొప్పి పోయేది కాదు గానీ, దాని పెత్తనం కాస్త తగ్గేది. అక్కడ ఆమె పెళ్లివాళ్ల గొడవలు తీర్చే మనిషి. ఇంట్లో ఉత్త ఎడమకాలు. చుట్టాలు పనిగట్టుకుని వచ్చి, ఏమన్నా పొట్టిదైందా అని కాలివంక చూసిపోతున్నారు.

ఇక లాభం లేదని ఉన్న విషయం అత్తకు చెప్పేసింది. "నేను బాధపడతానని దాస్తాండావు," అంది అత్త. మంజులత ఎక్స్‌రే తెచ్చి వెలుతురుకు పట్టింది. అందులో ఎముక పొడుగునా అచ్చం మైనం కారినట్టే ఉంది. సులోచనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వైశాఖంలో ఒకరోజు మంజులత గొడుగు లేకుండా, గోడలు పట్టుకుంటూ మధ్యాహ్నం అంగడికి వచ్చేసింది. లోపల గోరంట్ల నుంచి వచ్చిన పెళ్లివాళ్లు నిండి ఉన్నారు. చీరల కుప్ప వెనక కృష్ణమూర్తి కనిపించడం లేదు. పెళ్లికూతురి అవ్వ అరటాకుపచ్చ చీర ఒకటి పక్కన పెట్టుకుని ఉంది.

"ఎండలో ఎట్లుంటాదో చూపీమ్మా," అంది మంజులతతో.

మంజులత ఆ చీర కొంగు రెండు చేతుల మీదా పరుచుకుని వాకిట్లోకి దిగింది. అంగట్లో గోడవార తన చోట కూర్చున్న సులోచనమ్మ అప్పుడు చూసి, గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"లోపలికి రాయే."

"గొడుగు పడితే రంగు యాడ తెలుస్తాది అత్తా."

అవ్వకు తొందర లేదు. జరీ తిరగేసింది, అంచు నలిపింది, మనవరాలిని పిలిచి మళ్లీ మొదటి నుంచి చూసింది. మంజులత మెడ మీద చెమట కాలువ కట్టింది. సులోచనమ్మ రెప్ప వేయకుండా కోడలి కాలివంకే చూస్తోంది. కాలు ఎంత ఉండాలో అంతే ఉంది.

"కరగలేదే," అంది.

"కరగదత్తా. చెప్తే నమ్మవు."

సులోచనమ్మ అప్పుడు తల ఎత్తి ముఖం చూసింది. పంటి కింద నొక్కిపట్టిన పెదవిని చూసింది.

"మరి మొగం ఏంటికి అట్ల పెట్టినావు? నొస్తాందా?"

ఏమైంది, ఎట్లా వచ్చింది, ఎంత కరిగింది అని ఊరంతా అడిగింది. ఈ మాట ఒక్కరూ అడగలేదు. ఎవరైనా అడిగితే 'కొంచెం' అని చెప్పాలని ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంచుకున్న మాట కాస్తా సమయానికి నోటికి రాలేదు.

"నొస్తాందత్తా. చానా నొస్తాంది."

"దినామూనా?"

"దినామూ."

సులోచనమ్మ గొడుగు మూసింది. రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన గోడవార చోట్లో కోడలిని కూర్చోబెట్టింది. మంజులత అలవాటుగా కాలు ముడవబోయింది. కొనేవాళ్ల ఎదుట, పట్టు ముందు కాలు చాపితే కొడుకునైనా లేపి పంపే మనిషి సులోచనమ్మ.

"జరుగురా," అంది కొడుకుతో. వంగి కోడలి కాలు తానే పట్టుకుని, చీరల మధ్యకు మెల్లగా చాపింది.

కృష్ణమూర్తి తెల్లబోయి తల్లివంక చూశాడు. గోరంట్ల అవ్వ తన చీర కాస్త పక్కకు లాక్కుని చోటిచ్చింది.

మంజులత చెయ్యి చాచి ఇంకో చీర అందుకుంది.