చంద్రుడి గురించి సారు చెప్పిన మిగతా సగం

మా సైన్సు సారు పోయారని గురువారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న ఫోన్ల మీ నంబరున్నది, అందుకే చేసిన" అంది. ఆ ఫోన్ నుంచి నాకు ఏనాడూ కాల్ రాలేదు. నేనూ చేయలేదు. ఎందుకు చేయలేదో ఇక్కడైనా చెప్పుకోవాలి.

రహమత్ నగర్‌లో ఓ చిన్న ప్రైవేటు బడిలో ఆయన నాకు మూడేళ్లు పాఠం చెప్పారు. బోర్డును జేబురుమాలుతోనే తుడిచేవారు. సాయంత్రానికి చొక్కా జేబు తెల్లగా అయ్యేది. మాలో ఎవరమూ సముద్రం చూసినవాళ్లం కాదు. అయినా ఆటుపోట్ల పాఠం రెండు రోజులు చెప్పారు. "సముద్రం దాకా ఎందుకు? చంద్రుడు గుంజితే మన కాళ్ల కింది నేల గూడ జరంత లేస్తది. మనకు తెల్వదంతే" అన్నారు. క్లాసంతా కాళ్ల వంక చూసుకున్నాం. ఏది చెప్పినా మధ్యలో వేలెత్తి "అయితే..." అని ఆగేవారు. అసలు సంగతి ఆ తర్వాతే వచ్చేది. "సగం తెలిస్తే భయమైతది బిడ్డా, మొత్తం తెలిస్తే ముచ్చటైతది" అనేవారు.

నా తోటివాళ్లు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసి హైటెక్ సిటీ బస్సులెక్కుతున్న రోజుల్లో నేను ఫిల్మ్ నగర్‌లో ఓ వార్తా చానెల్లో చేరాను. ఒక పున్నమికి చంద్రుడు మామూలు కంటే దగ్గరగా వస్తున్నాడని తెలిసి మావాళ్లు "ప్రళయమేనా?" అని కార్యక్రమం పెట్టారు. సైన్సు తెలిసిన మనిషి కావాలన్నారు. సారును పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని నడిచే వచ్చారు.

"చంద్రుడు సముద్రాన్ని గుంజుతడు. గాలిని, నేలను గూడ గుంజుతడు. అయితే, గింత దగ్గరికొచ్చినందుకు సముద్రం కొంచెం ఎక్కువ పొంగుతది, అంతే. దాంతోని తుఫాన్లు రావు, ఇండ్లు కూలవు" అని కెమెరా ముందు చెప్పారు.

ఎడిటింగ్‌లో కూర్చున్నది నేను. "అయితే" ముందే ఆపి మిగతాది కోసేశాను. పైవాళ్లు చెయ్యమన్న మాట నిజమే, కానీ కోసిన చెయ్యి నాది. ఆ ముక్కనే పొద్దంతా తిప్పితిప్పి వేశాం.

సాయంత్రం, జనం భయపడుతున్నారట, ఆ దృశ్యాలు తీసుకురమ్మని నన్నే రహమత్ నగర్ పంపారు. మా బడి సందులో ఇళ్లు కూలతాయని ఆడవాళ్లు పిల్లల్ని, పరుపుల్ని, గ్యాస్ సిలిండర్లను బయటపెట్టుకుని కూర్చున్నారు. సారు గడపగడపకూ తిరుగుతున్నారు.

"టీవీల మీరే చెప్పిండ్రు గద సారూ!" అని ఓ ముసలమ్మ నిలదీసింది.

"సగమే చెప్పిన అమ్మా, తప్పు నాదే. మిగతాది ఇప్పుడు చెప్త, విను" అంటూ ఆమె పక్కనే పరుపు మీద కూర్చున్నారు. అప్పుడు నన్ను చూశారు. తిడతారనుకున్నాను.

"మిగతా ముక్క ఉన్నదా బిడ్డా?" అని అడిగారు.

"చెరిగిపోయింది సార్" అన్నాను. టేపు నా సొరుగులోనే ఉంది.

"ఫికర్ లేదు, మళ్ల చెప్త. జర కెమెరా ఇటు తిప్పమను."

కెమెరామన్ నా వైపు చూశాడు. "టైమైంది, పద" అని మెల్లగా అని వ్యానెక్కాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు గల్లీలో ఆయన్ని ప్రళయం సారు అని పిలిచేవారట. "ఆ మాట ఎవరు కోసిండ్రో ఎంత అడిగినా నాన్న చెప్పలే" అంది కూతురు. నేనూ చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం వ్యాను కదులుతుంటే వెనక్కి చూశాను. నేనన్నది ఆయనకు వినబడనట్టుంది. పరుపు మీంచి లేచి, చొక్కా సర్దుకుని, చేత్తో జుట్టు అణుచుకుని, కెమెరా తనవైపు తిరుగుతుందని చూస్తూ నిలబడ్డారు. ఆయన వెనక, నీళ్ల ట్యాంకుల మధ్య నుంచి, పున్నమి చంద్రుడు అప్పుడే పైకి వస్తున్నాడు.