పెర్మిలి బండికి పెంటయ్య పరీక్ష

కరోనా బందులు పోయి బస్సులన్నీ మల్ల రోడ్డెక్కినంక, రిటైర్మెంటుకు ముందు నాకు దొరికిన ఆఖరి పోస్టు డ్రైవర్ ఇన్‌స్ట్రక్టర్. సర్కారు బస్సు డిపోల ఇది పెద్ద హోదా ఏం కాదు. డ్రైవర్లకు జర పైన, సూపర్‌వైజర్లకు జర కింద. కొత్తగ వచ్చిన డ్రైవరును పక్కన కూసొని నడిపించి చూసుడు, యాక్సిడెంట్ చేసినోనికి మల్ల శిక్షణ ఇచ్చుడు, అన్నిటికన్న ముఖ్యంగ ఎవని చేతుల బండి ఎంత డీజిల్ తాగుతుందో కనిపెట్టుడు, ఇవే నా పనులు. మాది సిరోంచ. గోదావరికి మరాఠీ రాష్ట్రం దిక్కు ఒడ్డున తాతల నాటి నుంచి ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ.

బయటోళ్లు మైలేజ్ అంటరు. మేము యావరేజ్ అంటం. లీటరుకు కాదు, పది లీటర్లకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినయో లెక్క కడతం. ప్రతి డ్రైవరు పేరు మీద ఆ అంకె ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పడ్తది. మా విభాగం మొత్తంల అందరికన్న అడుగున ఉండేది సిరోంచ నుంచి ఆలాపల్లి మీదుగ పెర్మిలి పోయే బండి. దాని డ్రైవరు రాజన్న. మంచోడు, నెమ్మదస్తుడు, నా చేతుల మీద నేర్చుకున్నోడే.

ఆ ఏడాది డీజిల్ ధర ఆగకుండ ఎక్కుతున్నది. పైనుంచి పరిపత్రకం, అదే సర్క్యులర్, వచ్చింది. డ్రైవర్ల తప్పుడు అలవాట్లతోనే ఇంధనం వృథా అవుతున్నదట, యాక్సిలరేటర్ మీద కాలు బరువు తగ్గించాల్నట. చదివి నాకు ఒళ్లు మండింది. ధరల కేంద్రం పన్ను ఉంటది, రాష్ట్రం పన్ను ఉంటది. మా వంతెన దాటి కాళేశ్వరం దిక్కు పోతే అదే డీజిల్‌కు ఇంకో ధర. మబ్బుల నుంచి ఊడిపడ్డ ధర కాదు కదా అది! పన్ను వేసేది సర్కారు, లారీలు నడిచి గుల్లయిన రోడ్డును ఏండ్లకేండ్లు అట్లనే ఇడిసిపెట్టింది సర్కారు, బరువున్నది మాత్రం రాజన్న కాలట!

అయినా నిజం చెప్తున్న, సర్కారు మీద కోపం నాకు అన్నం తినంగనే పోయేది. పెంటయ్య మీద మంట మాత్రం పోయేది కాదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు.

పెంటయ్య నా బ్యాచ్‌మేటు, నాకన్న రెండేండ్లు చిన్న. చామోర్షి దిక్కు రూట్లు చూసే ఇంకో డిపోల ఆయన కూడ ఇన్‌స్ట్రక్టరే. ఆయన డ్రైవర్ల యావరేజ్ ఎప్పుడు చూసినా విభాగంల మొదటిది. ఎందుకు రాదు? ఆ రోడ్డు మీద గిలాసల నీళ్లు పెట్టుకొని పోయినా తొణకవు. ఏటా జెండా పండుగ నాడు ఆయనకే శాలువ, ఆయనకే కొబ్బరికాయ. తెల్ల అంగీ, నున్నగ దువ్విన తల, మాతృభాష మరాఠీ అన్నట్టు మాట్లాడుడు. సాబులు ఆయన భుజం మీద చెయ్యేసి ఫోటో దిగేటోళ్లు. మా ఇంటామె ఊకుంటదా? "ఆయన శాలువలతోని ఇంటికి పరదాలు కట్టుకోవచ్చు, నువ్వన్న ఒక్కటి తేరాదు?" అని దెప్పేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోయేది.

ఇగ ఆ ఎండాకాలం విభాగం ఇంజినీరు సాబు నన్ను పిలిచి హుకుం చెప్పిండు. పెర్మిలి బండిని పెంటయ్య ఒక ట్రిప్పు నడుపుతడు. అదే బస్సు, అదే రోడ్డు. ఆయనకు మంచి యావరేజ్ వస్తే తప్పు రాజన్నదే, చార్జిషీటు ఇస్తరు. డ్రైవరును మార్చినా యావరేజ్ దారికి రాకుంటే వచ్చే టైంటేబుల్‌ల ఆ బండే ఉండది. పెర్మిలి దిక్కు అడవి ఊర్లకు దవాఖాన, బజారు, కచేరి, అన్నిటికీ ఆ ఒక్క బండే దిక్కు. రాజన్న నా దగ్గరికొచ్చి, "సార్, నా కాలు బరువున్నదా?" అని అడిగిండు. లేదన్న. ఆయనతో పాటు నాకూ భయమే. పెంటయ్య గెలిస్తే నా శిష్యుని పరువు, నా పరువు ఒక్కసారే పోతయి.

పరీక్ష పద్ధతి చెప్త. ట్యాంకును గొంతుదాక నింపి మూతకు సీలు వేస్తరు. తిరిగొచ్చినంక మల్ల గొంతుదాక నింపి ఎంత పట్టిందో చూస్తరు. సాక్షిగ నేను ముందు సీట్ల కూసున్న. పెంటయ్య ఓడిపోవాల్నని ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్ననో నాకే తెల్వదు.

ఏం నడిపిండయ్యా! గుంతల్ల బండిని పసిపిల్లను దించినట్టు దించిండు. గేరు మారిన చప్పుడు కూడ వినపడలే. ఒక్క కుదుపన్న రాదా అని నేను ప్రతి గుంత కాడ ఎదురుచూసిన.

ఆలాపల్లి దాటినంక అడవి మొదలైంది. అక్కడ ఒక రివాజు ఉన్నది. బండి ఎక్కాల్సినోళ్లు రోడ్డు మీద నిలబడరు. కాలిబాట మొదట్ల కట్టెకు ఒక గుడ్డ కట్టి, లోపల చేన్లనో, చెట్టు కిందనో ఉంటరు. డ్రైవరు గుడ్డను చూసి ఆపి హారన్ కొట్టాలె, వాళ్లొచ్చేదాక ఆగాలె. ఈ సంగతి నేను పెంటయ్యకు బయలెల్లకముందే చెప్పిన. "మంజూరైన స్టాపులు కావు గద అన్నా," అన్నడు. నాకు లోపల పండుగైంది. ఆపకుండ పోతే ఆ యావరేజ్ చెల్లదని రిపోర్టుల గట్టిగ రాస్తనని అనుకున్న.

మొదటి గుడ్డ వచ్చింది. దాటేసి పోయిండు. అద్దంల చూసిండు. తల మీద గంపతోని ఒక ముసలామె చెయ్యి ఊపుకుంట ఉరుకుతున్నది. బండి ఆగింది. "కాలు తనంతట తనే బ్రేకు మీదికి పోయింది, ఏం చేస్తం," అన్నడు నా దిక్కు చూడకుంట. తర్వాత ఒక్క గుడ్డను కూడ ఇడువలే.

ఇంకో కాడ జనం రావటానికి ఆలస్యమైతే, తన డ్రైవర్లకు నేర్పే సూత్రం ప్రకారం ఇంజన్ బందు చేసిండు. డీజిల్ మిగుల్తది గద! చామోర్షిల అది సరైందే. ఇక్కడ పాత బ్యాటరీ, కొత్తది అడిగితే మంజూరు కాదు. రాజన్న అందుకే ఎంతసేపు ఆగినా ఇంజన్ ఆర్పడు. సెల్ఫ్ కొడితే గుర్రుమని ఊకున్నది. అందరం దిగి తోసినం. విభాగంల నంబర్ వన్ ఇన్‌స్ట్రక్టర్ స్టీరింగ్ పట్టుకొని చెమటలు కక్కుతుంటే, ఎనుక తోస్తున్న నాకు నవ్వు ఆగలే. ఆ తర్వాత ఆయన కూడ ఇంజన్ ఆర్పలే.

తిరిగొచ్చి ట్యాంకు నింపినం. రాజన్న యావరేజ్ ఎంతో, పెంటయ్యదీ దాదాపు అంతే. ఆ రోజు నేను తిన్న చాయ్-బిస్కెట్ అంత రుచిగ మల్లెప్పుడూ తినలే.

సంబురం వారం కూడ నిలువలే. పెంటయ్య తన రిపోర్టుల, తప్పు డ్రైవరుది కాదని, రోడ్డు, బ్యాటరీ, దారి పొడుగూత ఆగుడు దీనికి కారణమని, ఆ రూటుకు వేరే లక్ష్యం పెట్టాల్నని రాసిండు. ఈ పరీక్ష అంకె తన పేరు మీద పడి ఆ ఏడాది శాలువ పోతదని తెలిసి కూడ రాసిండు. సాబు వెంటనే సంతకం పెట్టిండు. రాజన్నకు చార్జిషీటు రాలే. కొత్త బ్యాటరీ వచ్చింది. పెర్మిలి బండి టైంటేబుల్‌ల ఉన్నది.

అవే మాటలు నేను ఈ పోస్టుల చేరినప్పటి సంది ప్రతి మూడు నెలల రిపోర్టుల రాసిన. ఒక్కడు కూడ చదివిన పాపాన పోలే. పెర్మిలి జనం ఇప్పటికీ పెంటయ్య సాబు మా బండిని నిలబెట్టిండంటరు. ఓడిపోయినా పేరు ఆయనకే! చెప్పొద్దూ, శాలువలు చూసినప్పటికన్న అప్పుడే ఎక్కువ మండింది, ఇప్పుడు రాస్తాంటే కూడ మండుతనే ఉన్నది. డీజిల్ ధర తగ్గలే, రోడ్డు బాగు కాలే, కాలు బరువు పరిపత్రకం మాత్రం నోటీసు బోర్డు మీద అట్లనే ఉండె.

ఆ కొలువుల నేను నేర్చుకున్నది ఇంతే. రోడ్డు బాగలేదన్న సంగతి ఆ రోడ్డు మీద బతికేటోడు చెప్తే సర్కారుకు అది సాకు, తనకు నచ్చినోడు చెప్తే నివేదిక. నా తర్వాత వచ్చిన ఇన్‌స్ట్రక్టరుకు చార్జి అప్పగించుకుంట ఇదే చెప్పిన: రిపోర్టులు రాసి చేతులు నొప్పి చేసుకోకు, నీకు ఎవన్ని చూస్తే ఓర్వబుద్ధి కాదో వాన్నే పిలిపించి ఆ బండి తాళం చెవి చేతుల పెట్టు.