దొరల కుర్చీల మీద సెలువాయా వాదన

మా సెలువాయా నోటికి జడిసి ఆవిడ వాకిట్లో కోళ్లు కూడా గింజలు ఏరుకోవని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. శుద్ధ అబద్ధం. కోళ్లు హాయిగా ఏరుకునేవి. జడిసేది మనుషులే.

ఆవిడా నేనూ ఏళ్ల తరబడి ఒకే దుంగ ముందు పక్కపక్కన కూర్చుని చెట్టు బెరడుని పలచగా సాగగొట్టి బట్ట చేసినవాళ్లం. చట్టసభ మాటలు రేడియోలో వచ్చే రోజుల్లో దుంగ మీద రేడియో ఉండాల్సిందే. దొర ఎవరైనా గొంతు సవరించుకున్నాడా, ఆవిడ కొయ్య సుత్తి ధనామని పడేది, బెరడుకి చిల్లులు పడేవి.

"నీ కోపం తగలెయ్యా! బట్టని కొడుతున్నావా, దొరని కొడుతున్నావా?" అనేదాన్ని.

"దొర అందడుగా, ఏం చెయ్యను!" అనేది.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. గాలివానకు మా ఊరి రేవు వంతెన కొట్టుకుపోయింది. అప్పట్నుంచీ నిండు చూలాలినైనా, జ్వరం పిల్లాడినైనా గొంతులోతు నీళ్లలో భుజాన మోసుకుంటూ పడవ దాకా పోవాల్సిందే. మా నేల ఏ దొరదో ఆ దొర చట్టసభలోనే కూర్చుని ఉన్నాడు. వంతెన గురించి ఒక్కసారి నోరు విప్పితే ఒట్టు! దేశంలో పుట్టుకతో దొరలైన ముప్పై ముగ్గురూ తమలో తాము ఓట్లేసుకుని తొమ్మిది కుర్చీలు పంచుకుంటారు. మిగతా టోంగా దీవుల జనమంతా కలిస్తే మాకూ తొమ్మిదే. "మనం ఎక్కించలేదు కనక మనం దించలేం. అదీ నా మంట," అనేది సెలువాయా.

అలాంటి మనిషికి ఆ ఏడు కాలం కలిసొచ్చింది. ఈ పద్ధతి మార్చాలా వద్దా, మీ ఊరి మాట చెప్పండని రాజధాని నుంచి కబురొచ్చింది. చర్చి హాల్లో వాదన పెడతాను, ఆఖర్న చేతులెత్తి తేల్చుకోండి అన్నారు పాస్టరుగారు. మార్చాలనే మా పక్షాన సెలువాయా. ఇక చూడాలి ఆవిడ హడావిడి! దుంప తవ్వుతూ వాదించేది, కొబ్బరి కోరుతూ వాదించేది. ఒకసారి పందిని నిలబెట్టి మరీ వాదించింది. ఊరి మాట తనవైపు రాకపోతే ఇక ఈ జన్మకు సుత్తి పట్టనని నాతో అంది. తమాషాకి అనలేదు.

దొర పక్షం కౌతాయిది. దొర తరఫున మాట్లాడటం వాళ్ల వంశం పని, మహా గడుసువాడు. ఆ రోజు మా మర్యాద ప్రకారం నడుములకు చాపలు చుట్టుకుని అందరం హాల్లో కూర్చున్నాక, దొర పక్షాన ఎవరు లేచారనుకున్నారు? సెలువాయా సొంత తమ్ముడు హేనెలీ!

 అక్కాతమ్ముడూ ఎదురుబొదురు నిలబడి వాదులాడుకోవడం మా ఇళ్లలో ఉందా? ఒక్క గదిలో కూర్చుని పరాచికాలే ఆడరు. సిగ్గుపడి సెలువాయాయే వెనక్కి తగ్గుతుందని కౌతాయి లెక్క.

"తమ్ముడు లేచాడమ్మా సెలువాయా, ఇక నువ్వు కూర్చో తల్లీ. పరువుగా ఉంటుంది," అన్నాడు తేనె పూసినట్టు.

సెలువాయా లేచి నిలబడింది. కౌతాయి మరిచిందల్లా ఒక్కటే. ఇంట్లో అక్క పుట్టుక తమ్ముడికంటే పైమెట్టు. హేనెలీ తల వంచుకుని బయటికి నడిచాడు.

హాలు దద్దరిల్లింది. మా బడి టీచరు వైసిమా బల్ల మీద దరువేస్తూ, "గెలిచాం! ఎదుటి పక్షమే పారిపోయింది!" అని ఒకటే అరుపు.

"నోర్ముయ్యరా!" అని గద్దించింది సెలువాయా. "ఏం గెలిచాం? నేనొక్క మాటన్నానా? అక్కగా పుట్టానని వాడు లేచిపోయాడు. దొరగా పుట్టాడని ఆయన చట్టసభలో కూర్చున్నాడు. మరి నాకూ ఆయనకీ తేడా ఏమేడిసింది?"

తమ్ముడి చేత వాదన చెప్పించమని ఆవిడ నన్ను బయటికి తరిమింది. హేనెలీని కిటికీ కింద నిలబెట్టి, సముద్రం వైపు మొహం పెట్టి గట్టిగా చెప్పమన్నాను. లోపల ఆవిడ గోడవైపు తిరిగింది. ఒకరి మొహం ఒకరు చూడకపోతే ఆచారానికొచ్చిన నష్టం ఏముంది!

హేనెలీ తక్కువవాడేం కాదు. "మీరు ఎన్నుకున్నవాడు రాజధానిలో ఇల్లు కట్టుకుంటే మీ ఊరి పేరైనా గుర్తుంటుందా? దొర చెడ్డవాడైనా మనవాడు. ఈ నేలని వదిలి ఎక్కడికి పోతాడు?" అన్నాడు. ముసలాళ్లంతా ఆహా అన్నారు. 

"నిజమే, ఎక్కడికీ పోడు. అదేగా నా ఏడుపు!" అంది సెలువాయా గోడతో. "ఎన్నుకున్నవాడు చెడితే మూడేళ్లకి ఇంటికి పంపుతాను. దొర చెడితే ఆయన కొడుకు పెద్దయ్యేదాకా నీళ్లలో పిల్లల్ని మొయ్యనా? ఆయన నేల ఆయనదే. ఆయనొస్తే కింద చాప మీద కూర్చుంటాను, కావా కషాయం మొదటి చిప్ప ఆయనకే ఇస్తాను. చట్టసభలో కుర్చీ మాత్రం నేనెయ్యాలి!"

చేతులెత్తమన్నారు పాస్టరుగారు. లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. సరిసమానం! దొర పక్షం చేతుల్లో ఒకటి కిటికీలోంచి లోపలికి వచ్చి ఉంది. హేనెలీది.

"ఆ చెయ్యి చెల్లదు! అక్క మీద తమ్ముడు చెయ్యెత్తడమేంటి?" అని వైసిమా ఎగిరాడు. ఆచారం ప్రకారం నిజమేనని కౌతాయి కూడా తల దించాడు. ఒక్క చెయ్యి తీసేస్తే మేం గెలిచినట్టే! సెలువాయా ఇన్నేళ్ల ఆశ చేతికందినట్టే!

"లెక్కపెట్టండి పాస్టరుగారూ!" అని అరిచింది సెలువాయా.

"పిన్నీ, నీకు మతి పోయిందా? అది లెక్కిస్తే మనం గెలవం!" అన్నాడు వైసిమా.

"గెలవకపోతే పోదాం. నాకు తమ్ముడైన పాపానికి వాడి చెయ్యి నరికేస్తారా?"

 మళ్లీ ఎత్తండి అన్నారు పాస్టరుగారు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వెనక వరసలో కౌతాయి భార్య, ఎన్నడూ పదిమందిలో నోరెత్తని మనిషి, మావైపు చెయ్యెత్తి ఉంది. ఆవిణ్ణి చూసి పక్కావిడ, పక్కావిణ్ణి చూసి ఇంకో ఇద్దరు. అమ్మో, గెలిచాం!

నేను సెలువాయాని పట్టుకుని కుదిపేశాను. ఆవిడ నన్ను చూస్తే కదా! కళ్లన్నీ కిటికీ మీదే. అక్కడ హేనెలీ చెయ్యి ఇంకా దొర పక్షానే నిటారుగా ఉంది.

"చూశావటే, దించలేదు," అంది కన్నీళ్లు కారిపోతుంటే నవ్వుతూ. "పుట్టాక మొదటిసారి నా తమ్ముడు నన్ను కాదన్నాడే!"