తీపి ముట్టని యూసుఫ్ చాచా

2023 వానాకాలం. మందమర్రిలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఎన్‌సీడీ క్లినిక్ చూసుకుంటున్నాను. ఎన్‌సీడీ అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోని జబ్బులు. మా దగ్గరికి వచ్చేవి ముఖ్యంగా బీపీ, షుగర్. బొగ్గుగనుల ఊరు కాబట్టి మా బెంచీల మీద కూర్చునేవాళ్లలో సగంమంది రిటైరైన కార్మికులే. గనిలో ఉన్నన్నాళ్లు జలుబు కూడా ఎరగని మనుషులు రిటైరైన రెండేళ్లకల్లా మందుల సంచి పట్టుకుని కనిపిస్తారు. ఎందుకిలా అని అప్పట్లో నేను పెద్దగా ఆలోచించలేదు. మాత్రలు ఇవ్వడం, కార్డులో రాయడం, తిట్టడం, ఈ మూడూ శ్రద్ధగా చేసేదాన్ని. నా నోరు మంచిది కాదని మా ఆయన పెళ్లయిన వారానికే తేల్చేశాడు. ఆసుపత్రి వాళ్లకు ఇంకొంచెం ఎక్కువ రోజులు పట్టింది.

యూసుఫ్ చాచా అప్పుడే మొదటిసారి వచ్చాడు. అరవై మూడేళ్లు. ముప్పై నాలుగేళ్లు కోల్ ఫిల్లర్‌గా చేశాడు. పేల్చిన బొగ్గును ఎత్తి పట్టాల మీద నడిచే టబ్బుల్లో నింపే పని అది. రిటైరై మూడేళ్లయింది. కొత్త చెప్పు కరిచి బొటనవేలి పక్కన చిన్న పుండు పడింది, రెండు నెలలైనా మానలేదు. దానికితోడు నెలకోసారి జలుబు, వీపు మీద సెగ్గడ్డలు.

"ఒంట్ల ఇమ్యూనిటీ పోయింది సిస్టరమ్మా. జర మంచి తాకత్ మందు రాయుమని చెప్పు డాక్టర్ సాబ్‌కు" అన్నాడు.

వెంట వచ్చిన ఆయన భార్య మెహరున్నీసా చాచీ అసలు సంగతి చెప్పింది. "వచ్చే సాలు హజ్‌కు పోదామని ఇద్దరం నియ్యత్ జేస్కున్నం బిడ్డా. ఈయన బాగున్నడని డాక్టర్ సాబ్ సంతకం పెడ్తెనే ముందటికి నడుస్తది."

"నేను ఆగితే ఈమె గూడ ఆగుతది. ఒక్కతే పోనంటది. గదే నా ఫికర్" అన్నాడు చాచా, కట్టు కట్టిన కాలు చూసుకుంటూ.

హెచ్‌బీఏవన్‌సీ చేయించాం. మూడు నెలలుగా రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. ఏడు లోపల ఉండాల్సింది పది దాటింది. మా డాక్టరు గారు ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పారు. చక్కెర అంత ఎక్కువగా ఉంటే జబ్బుతో పోరాడే కణాలు మందగిస్తాయి, అందుకే పుండు మానదు, జలుబు వదలదు, తాకత్ మందు వేరే లేదు, చక్కెర తగ్గడమే అసలు ఇమ్యూనిటీ అని. మాత్రలు రాసి, డైట్ హిస్టరీ తీసుకోమని నాకు పంపారు. రోజంతా ఏం తింటారో అడిగి రాసుకోవడమే డైట్ హిస్టరీ.

"తీపి తింటవా చాచా?"

"తోబ తోబ! ముట్టనే ముట్ట."

"చాయల చక్కెర?"

"బంద్ జేసిన. ఈమెనడుగు."

చాచీ తల ఊపింది. అన్నం తగ్గించాడు, రాత్రికి జొన్నరొట్టె. నేను రాసుకున్నాను. నెల తర్వాత చూస్తే తిన్నాక చేసిన పరీక్ష మూడు వందల పైనే. మాత్ర పెంచారు. ఇంకో నెలకు కూడా అంతే. పుండు అంచులు తెల్లబడి అట్లాగే ఉన్నాయి. ఇది ఇట్లాగే ఉంటే నేను సంతకం పెట్టలేను, వేలికే ప్రమాదం అన్నారు డాక్టరు గారు.

ఆ రోజు బయట యాభైమంది ఉన్నారు. నాకు చిరాకు లేచింది. ఎన్ని చూడలేదు నేను, దాచుకుని లడ్డూలు తినేవాళ్లను, పరీక్షకు ముందురోజు మాత్రమే పథ్యం చేసేవాళ్లను. గట్టిగానే అనేశాను.

"చాచా, మిషన్ అబద్ధం చెప్పదు. నువ్వు చెప్తున్నవ్. తీపి తినకుంటే ఇంత చక్కెర యాడికెళ్లి వస్తది?"

గది మొత్తం ఇటు తిరిగింది. చాచా ముఖం చిన్నబోయింది. "రంజాన్ల రోజా పట్టే మనిషిని సిస్టరమ్మా. అబద్ధమాడి హజ్‌కు పోతనా?" అని మెల్లగా లేచి వెళ్లిపోయాడు. చాచీ నా వైపు కూడా చూడలేదు.

వారం గడిచింది, డ్రెస్సింగుకు రాలేదు. పది రోజులు, రాలేదు. పుండున్న షుగర్ పేషెంటు కట్టు మార్చుకోకుండా ఇంట్లో కూర్చున్నాడంటే నాకు అన్నం సహించలేదు. నా నోటి వల్ల ఆయన వేలు పోతే ఏం చెయ్యను? పన్నెండో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగాక డ్రెస్సింగు డబ్బా తీసుకుని, అడ్రసు కనుక్కుని, నడిచి వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ముందు సపోటా చెట్టు కింద మంచం మీద చాచా కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన పాత జోడీదారు కొమురయ్య. ఇద్దరూ ఒకే టబ్బులో బొగ్గు నింపినవాళ్లు.

నన్ను చూసి చాచా తడబడి లేచాడు. నేను కట్టు విప్పి కడిగి కొత్తది కట్టాను. క్షమించమని అడగాలనుకున్నాను, నోరు పెగల్లేదు. తిట్టడానికి వచ్చినంత తేలిగ్గా ఈ మాట రాదు నాకు.

చాచీ చాయ తెచ్చేలోపు గని సైరన్ కూసింది. మొదటి షిఫ్టు దిగే వేళ. చాచా లేచి బిందె దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాడు, గొంతు పుక్కిలించాడు. గూట్లోంచి స్టీలు డబ్బా తీసి, నిమ్మకాయంత బెల్లం గడ్డ రెండు ముక్కలు చేసి, ఒకటి కొమురయ్యకిచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఇంకో చిన్న ముక్క నా ముందు పెట్టాడు.

"తిను సిస్టరమ్మా. ఎండల నడిచొచ్చినవ్."

నా చేతిలో దూది అట్లాగే ఉంది. "చాచా, ఏందిది?"

"బెల్లం."

"తీపి ముట్ట అన్నవు గదా!"

"ముట్ట. గిది తీపి గాదు, దుమ్ముకు మందు. ముప్పై నాలుగేండ్లు షిఫ్ట్ దిగంగనే తిన్న. బెల్లం తింటే గొంతుల దుమ్ము దిగుతది."

"ఇప్పుడు దుమ్ము ఏది? గని దిగి మూడేండ్లాయె!"

"లోపట జర మిగిలుంటది గదా" అన్నాడు చాచా, ఈ మాత్రం తెలియని నర్సా అన్నట్టు చూస్తూ.

చాచీ చాయ గ్లాసులు దించుతూ అందుకుంది. "ఫోన్ల గూడ వచ్చింది బిడ్డా, బెల్లంతోటి ఇమ్యూనిటీ పెరుగుతదని. అప్పటిసంది పొద్దుగాల గూడ ఇస్తున్న. పుండు మానుతలేదని ఈ నడుమ మూడోసారి గూడ పెట్టిన. వారానికి కిలో పడ్తది. నేనైతే ముట్ట."

నాకు నవ్వు ఆగలేదు. సపోటా చెట్టు కింద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ముందు కొమురయ్య నవ్వాడు, తర్వాత చాచీ, ఆఖరికి సంగతి అర్థమై చాచా కూడా. నిజంగానే ఆయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నేను తీపి గురించి అడిగాను, ఆయన తీపి గురించి చెప్పాడు. మందు గురించి ఎవరడిగారు?

మర్నాడు డాక్టరు గారు కూడా నవ్వి, ఆ తర్వాత చాచాను కూర్చోబెట్టి వివరించారు. గనిలో ఉన్నప్పుడు రోజూ ఇంక్లైన్ దిగి ఎక్కేవాడు. ఇంక్లైన్ అంటే గనిలోకి దిగే ఏటవాలు దారి. ఆ ఎక్కుడుకు, ఆ బొగ్గు ఎత్తుడుకు తిన్న బెల్లం ఒంట్లోనే కరిగిపోయేది. ఇప్పుడు పని ఆగింది, బెల్లం ఆగలేదు. అంతా విని చాచా, "అంటే నేను రిటైరైన గాని, బెల్లం రిటైర్ గాలే" అన్నాడు.

డబ్బాలో బెల్లం పోయి సోంపు వచ్చింది. మాత్రలు మానలేదు, కట్టు రోజు విడిచి రోజు మార్చాం. ఆరు వారాలకు పుండు పూడింది. అప్పుడు గానీ డాక్టరు గారు నడకకు ఒప్పుకోలేదు, అది కూడా మెత్తటి బూట్లతో. కానీ నాలుగు రోజులకే చాచా మొరాయించాడు.

"ఉత్తగ ఎట్ల నడువాలె సిస్టరమ్మా? పని లేదు, పాట లేదు. నడిచినట్టు ఎవలకెర్క?"

అప్పుడు తట్టింది నాకు. గనిలో పనిచేసిన మనిషికి మస్టర్ అంటే ప్రాణం. మస్టర్ అంటే హాజరు. మస్టర్ పడితేనే ఆ రోజు రోజు. క్లినిక్‌లో ఒక పాత రిజిస్టరు తీసి, మొదటి పేజీ మీద యూసుఫ్ అని రాశాను. ఆసుపత్రి పక్కనున్న గ్రౌండు చుట్టూ నడిచి తొమ్మిదింటికి నా కిటికీ దగ్గరికి వచ్చి చెబితే ఒక గీత. చుట్లు ఏడు అని ఆయనే పెట్టుకున్నాడు. హజ్‌లో కాబా చుట్టూ తిరిగేవి ఏడు, అలవాటవుతుందని. మర్నాడే కొమురయ్య కూడా దిగాడు.

"నా పేరు గూడ రాయి సిస్టరమ్మా. నేను హజ్‌కు పోను గాని, ఎములాడ రాజన్న గుడి చుట్టు తిరుగుటానికి పనికొస్తది."

చలికాలం పోయేసరికి రిజిస్టరులో పదకొండు పేర్లయ్యాయి. అందరూ రిటైరైనవాళ్లే. గీత పడకపోతే ముఖం మాడ్చుకునేవాళ్లు, సెలవు రోజు నేను రాకపోతే మర్నాడు రెండు గీతలకు పోట్లాడేవాళ్లు. చాచా సగటు ఎనిమిదికి, తర్వాత ఏడు లోపలికి దిగింది. ఆ చలికాలమంతా ఒక్క జలుబు కూడా రాలేదు. రంజాన్ ఉపవాసాలకు డాక్టరు గారు మాత్రల వేళలు మార్చి ఇచ్చారు. సంతకం పెట్టిన రోజు చాచీ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. ప్రయాణానికి ముందు వేసే టీకాలకు మాత్రం, భూమి లోపల ముప్పై నాలుగేళ్లు బతికిన మనిషి సూది చూసి కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

వెళ్లే రెండు రోజుల ముందు చాచా ఒక్కడే వచ్చాడు. తెల్లటి లాల్చీ, తలమీద టోపీ. హజ్‌కు పోయేముందు తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి, అన్న మాట విన్న మాట మన్నించమని అడగడం వాళ్ల ఆచారం. కిటికీ దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు.

"కహా సునా మాఫ్ కర్నా బేటీ. ఒక పని గూడ ఉన్నది. జర మస్టర్ బుక్కు తియ్యి."

తీశాను. పేజీలు తిప్పుతుంటే ఆయనే వేలు పెట్టి ఆపాడు. జనవరిలో ఒక గీత.

"ఆ దినం ఒక్క చుట్టు గూడ తిరుగలే. చలికి కొమురయ్య, నేను హోటల్ల చాయ తాగుకుంట కూసున్నం. నువ్వడిగితే ఏడు అన్న. దినాం ఈ గీతనే చూస్తున్న. దీన్ని ఎంబడి పెట్టుకొని ఎట్ల పోవాలె? కొట్టెయ్యి."

అదే గదిలో, అందరి ముందు, అబద్ధమాడుతున్నావని నేనన్న మనిషి. ఈసారి నోరు పెగిలింది.

"చాచా, మాఫీ అడగాల్సింది నేను. ఆనాడు నిన్ను అంత మాట అన్న. ఇన్ని నెలలు గూడ అడగలే."

"అదెప్పుడో మాఫ్ అయింది బేటీ" అన్నాడు. "నువ్వు ఎండల ఇంటికి నడిచొచ్చిన దినమే."

ఆ గీత కొట్టేశాను. పక్కన కొమురయ్య పేరు మీద అదే తేదీ గీత కూడా కొట్టేయబోతే, "వాంది వాడొచ్చి అడుగనియ్యి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

హజ్ నుంచి క్షేమంగా వచ్చారు. చాచా ఖర్జూరాలు తెచ్చి నాకు పిడికెడు పెట్టి, తనకు ఉంచుకున్న ఒకే ఒక్కటి చూపించి, "గిది తీపి అని నాకు ఎర్కే" అన్నాడు.

ఈ కేసు తర్వాత నేను ఎవరినీ తీపి తింటారా అని అడగడం మానేశాను. డ్యూటీ దిగాక ఏం తినేవాళ్లు, ఇప్పుడు కూడా తింటున్నారా అని అడుగుతాను. పని మానేసినా పనితో వచ్చిన తిండి మానని వాళ్లు ఎంతమందో. రిపోర్టుకూ మనిషి మాటకూ పొంతన లేకపోతే ముందు నా ప్రశ్ననే అనుమానిస్తాను, మనిషిని కాదు. ఆ రిజిస్టరు ఇంకా నడుస్తోంది. కొమురయ్య గీత మాత్రం ఇంకా అట్లాగే ఉంది, రోజూ కిటికీ దగ్గర దాన్ని చూడనట్టు నటిస్తాడు.