సుద్దముక్క మేస్త్రి కొన్న జాకీ

ముప్పై ఏళ్ళుగా పనిముట్ల కొట్టు నడుపుతున్నాను. మనిషి గుమ్మం ఎక్కే తీరు చూసి జేబులోంచి ఎంత తీస్తాడో చెప్పేయగలనని నాకో పొగరుండేది. దాన్ని దించినవాడు మా వీధి చివర కార్ల షెడ్డు మేస్త్రి. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది కాబట్టి అందరూ సుద్దముక్క మేస్త్రి అంటారు. ఎంగిలి చేత్తో కాకిని తోలడని కూడా అంటారు. ఆ రెండో మాట ఊరంతా మోసినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

షెడ్డులో పనిచేసేది ఇద్దరే, ఆయనా ఆయన భార్యా. ఆయన భారీ మనిషి, పైగా నడుం వంగదు. బండిని లేపడం, చక్రాలు ఊడదీయడం ఆయన వంతు. ఆవిడ సన్నగా ఉంటుంది. చిన్న చక్రాలున్న పలక మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి జారి పని చేసేది ఆవిడే. అంటే ఆయన జాకీ బేరం చేస్తున్నాడంటే, భార్య గుండెల మీద అంత ఇనుము దేన్ని నమ్ముకుని ఆగాలో తేల్చుకుంటున్నాడన్నమాట. అప్పట్లో ఈ సంగతి నా బుర్రకు తట్టలేదు.

మూడేళ్ళ కిందట పాత జాకీ పాడై నా కొట్టుకొచ్చాడు. నా దగ్గర ట్రాలీ జాకీలు రెండు రకాలున్నాయి. ఒకటి చవకది, రెండోది దానికి మూడింతల ఖరీదు.

“పిండి కొద్దీ రొట్టె, మేస్త్రీ. ఖరీదైంది తీసుకెళ్ళు, కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు,” అన్నాను.

ఆయన వెళ్ళి తన కారు తెచ్చి నా గోడ పక్కన ఆపాడు. ముందు ఖరీదైన జాకీతో లేపి, బంపరు ఎత్తుకు సరిగ్గా గోడ మీద సుద్దగీత గీశాడు. నా స్టూలు లాక్కుని దానికెదురుగా గంటసేపు కూర్చున్నాడు. గీత దగ్గర బంపరు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తర్వాత చవకదానితో లేపి ఇంకో గీత, ఇంకో గంట. ఈసారి బంపరు గీత కంటే గోరు మందాన కిందికి దిగింది. నేను లోపల్లోపల సంబరపడి ఖరీదైన జాకీని అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టాను.

“చవకది ఇవ్వండి. దాంతో పాటు, లేపిన బండి కింద ఆనించే ఇనప స్టాండ్లు నాలుగు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బరువైనవి,” అన్నాడు.

“గోరు మందం దిగింది కదయ్యా. నీ గీతే చెప్పింది.”

“దిగింది. దీని బుద్ధి తెలిసిపోయింది. దానిది ఇంకా తెలీలేదు, అంతే తేడా. జాకీ లేపడానికండీ, మోయాల్సింది స్టాండు. నా దగ్గరున్న డబ్బు మోసేదాని మీద పెడతాను.”

రెండు గంటలు నా స్టూలు అరగదీసి చవకది పట్టుకుపోయాడని వారం రోజులు వీధిలో అందరికీ చెప్పుకుని నవ్వాను.

ఆ తర్వాత షెడ్డు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒకటే తంతు. బండిని లేపుతాడు, స్టాండ్లు పెడతాడు, బండిని వాటి మీదకి దించుతాడు, రెండు చేతులతో గట్టిగా తోసి చూస్తాడు. “నిలిచింది,” అంటాడు. ఆవిడ, “విన్నాను,” అంటుంది. అప్పుడుగానీ పలక కదలదు. రోజుకు ఆరేడుసార్లు. ఇదేదో మంత్రమని ఎగతాళి చేసేవాణ్ణి.

పోయిన నెల నా కారు సైలెన్సరు బోల్టు వదులై డబడబలాడుతుంటే షెడ్డుకి తీసుకెళ్ళాను. నాకు ఊరెళ్ళే తొందర. ఆయన బండిని లేపి స్టాండ్ల కోసం వెనక్కి తిరిగాడు. “ఒక్క బోల్టు బిగించడానికి ఇంత హంగామా ఏంటి మేస్త్రీ? రెండు నిమిషాల పని,” అని విసుక్కున్నాను. నా మొహం చూసి ఆవిడ మొహమాటపడి పలక మీద పడుకుంది.

“నేనింకా ‘నిలిచింది’ అనలేదు,” అన్నాడాయన, గొంతు పెంచకుండా. ఆవిడ అక్కడే ఆగింది.

రెండు స్టాండ్లు తెచ్చి బండి కింద పెట్టాడు. వాటికీ బండికీ మధ్య ఇంకా వేలెడు సందుంది. మెల్లగా దించుదామని జాకీ పిడి మీద చెయ్యి వేశాడో లేదో, జాకీ బుస్సుమని నూనె కక్కింది. నా కారు ఒక్కసారిగా కిందికొచ్చి, టంగుమని స్టాండ్ల మీద కూర్చుంది.

ఆ స్టాండ్లు లేకపోతే, ఆవిడ నా మాట వినుంటే అన్న ఆలోచన పూర్తి చేయడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. ఆయన మాత్రం జాకీని పక్కకు లాగి, రెండు చేతులతో బండిని తోసి చూశాడు. కదల్లేదు. ఇంకోసారి తోశాడు.

“నిలిచింది.”

“విన్నాను,” అని ఆవిడ కిందికి వెళ్ళింది. ఊరెళ్ళాలన్న సంగతే నాకు గుర్తు రాలేదు.

మర్నాడు ఆవిడ ఆ జాకీని తోసుకుంటూ నా కొట్టుకొచ్చింది. లోపల నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు పోయింది, కొత్తది కావాలట. నేను సీలు తీయలేదు. ఖరీదైన జాకీని అట్టపెట్టెతో సహా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

“డబ్బులొద్దమ్మా. ఆ మాయదారి జాకీని అమ్మింది నేనే, తొందరపెట్టిందీ నేనే. నిన్న రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.”

ఆవిడ పెట్టెను మెల్లగా నా వైపే జరిపింది.

“సీలు చాలన్నయ్యా. పాపం జాకీనెందుకు తిడతారు? ఇవాళ పడిపోతుంది, ఇవాళ పడిపోతుంది అనుకుంటూనే కదా ఆయన మూడేళ్ళుగా రోజూ స్టాండ్లు పెట్టింది. నిన్న పడింది. అంతే.”

సీలు ఇచ్చి పంపించాను. నా గోడ మీద ఆ రెండు సుద్దగీతలూ ఇంకా ఉన్నాయి. మొన్న సున్నం వేయించినప్పుడు ఆ మేర వదిలేయమన్నాను.