అడగనివాళ్లకు రాయితీ

మొన్న ఖమ్మంలో మా దుకాణం ముందు నుంచి మైకు కట్టిన ఆటో ఒకటి పోయింది, “చీరలపై భారీ రాయితీ” అని చెవులు చిల్లులు పడేలా అరుస్తూ. అప్పుడు నా చేతిలో గంజి వాసన వేసే కొత్త గుడ్డ తాను ఉంది. ఆ వాసనా ఆ మాటా కలిసేసరికి భద్రాచలంలో రాఘవయ్య సేటు బట్టల దుకాణం గుర్తొచ్చింది. వెంటే సులోచన కూడా. ఇన్నేళ్లయినా ఆ పేరు తలచుకుంటే నాకు కడుపుమంటే.

ఎనభైల మొదట్లో నేనూ, నా ఈడుదే అయిన సులోచనా ఒకే నెలలో అక్కడ పనికి చేరాం. మా నాన్న సారపాక కాగితం మిల్లులో కూలి. గోదావరి వంతెన దాటి రోజూ వచ్చేదాన్ని. సేటు నిజాం కాలంలో నేలకొండపల్లిలో ఉర్దూ చదువుకున్న మనిషి. దుకాణంలో ఆయనది ఒకటే కట్టుబాటు: బట్ట కొలిచే గజం బద్ద ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ధర తగ్గించాలి. మిగతావాళ్లు తాన్లు విప్పి చూపాలి, మడత పెట్టాలి. ఆయన భోజనానికి లేచినప్పుడల్లా బద్ద సులోచనకే ఇచ్చేవాడు. మాట నేర్పు నాది, చురుకుదనం నాది. అదేమో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది. దానికెందుకు బద్ద?

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. “సేటూ, దానికంటే నేనేం తక్కువ?”

“రాయితీ అంటే ఏంది మరియా?” అని నన్నే ఎదురడిగాడు.

“ధర తగ్గించుడు.”

“గది పైమాట బిడ్డా. ఉర్దూల రిఆయత్ అంటరు, అరబ్బీ నుంచి వచ్చింది. మందను కాసుడు, ఎదుటి మనిషిని కనిపెట్టి చూసుకునుడు దాని అసలర్థం. రైతు అనే మాట గూడ ఆ ఇంటిదే.”

ఒక్క ముక్క తలకెక్కలేదు. బద్ద ఇవ్వకపోవడానికి సాకు వెతుక్కున్నాడనుకున్నాను.

తర్వాత సులోచనకు జ్వరమొచ్చిన రోజు బద్ద నా చేతికొచ్చింది. నేల మీద కాలు నిలవలేదు. మిల్లు ఆఫీసరు భార్య అరగంట బేరమాడితే బాగా తగ్గించాను. ఆ తర్వాత అడవి ఊరి నుంచి ఒక కోయావిడ వచ్చింది. బీడీల తునికాకు కోసిన డబ్బు కొంగున కట్టుకుని, చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి పోయింది.

సాయంత్రం ఇదంతా సేటుకు గొప్పగా చెప్పాను.

“మరి ఆమెకేం తగ్గించినవ్?”

“ఆమె అడగలే సేటూ” అన్నాను, మెచ్చుకుంటాడని.

ఆయన కళ్లజోడు తీశాడు. “ఆమెకు మన తెలుగు సగమే వస్తదాయె. ఎట్లడుగుతది? అడగనోళ్లనే ముందుగాల చూసుకోవాలె” అన్నాడు. మర్నాడు బద్ద మళ్లీ సులోచనకే పోయింది. దాని జ్వరం ఇంకో వారం ఉంటే బాగుండునని అనుకున్నాను. అంత చెడ్డగానూ అనుకున్నాను.

రెండు వారాలకు, సేటు భోజనానికి లేచిన వేళ, ఆ కోయావిడే మళ్లీ వచ్చింది. నేను తాన్ల వెనక్కి నక్కాను. జరిగింది సేటు చెప్పగా సులోచనకు తెలుసు. నేరుగా నా దగ్గరికి వచ్చి బద్ద చేతిలో పెట్టింది.

“నువ్వే చూడు మరియా” అంది, అంతే.

నాలుగు వేళ్ల కొసరు వేసి కత్తిరించాను, ధరా తగ్గించాను. ఆవిడ గుడ్డను తడిమి, నా మొహంలోకి చూసి నవ్వింది. అప్పుడే భోజనం చేసి వచ్చిన సేటు గుమ్మంలోంచి అంతా చూశాడు. ఆ మర్నాటి నుంచి భోజనానికి లేస్తే ఒకరోజు నాకూ ఒకరోజు దానికీ బద్ద ఇచ్చేవాడు. నేను సంతోషించాలి కదా? లేదు. అసూయ రెండింతలైంది. నేను సేటును అడిగి అడిగి సంపాదించుకోలేని బద్దను, సులోచన నేను అడగకుండానే ఇచ్చేసింది.

సేటు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఖమ్మంలో నాకే ఒక దుకాణం ఉంది. నోరు విప్పని వాళ్లకే ముందు తగ్గిస్తాను, ఆయన నేర్పిన ఆ పద్ధతి తప్పలేదు. కాకపోతే తగ్గించే ముందు ఒక్కసారి చుట్టూ చూస్తాను, ఎవరైనా చూసి మెచ్చుకుంటారా అని. బద్ద నా చేతిలో పెట్టిన రోజు సులోచన ఎటూ చూడలేదు.